తోలుపనికి ఏ జిగురు?

తోలు ముక్కలతో చిన్న పర్సు కుట్టుకోవడం ఎలాగో కిందటిసారి చెప్పుకున్నాం కదా. ఆ తరవాత నాకు ఎదురుపడినవాళ్ళూ, ఉత్తరం రాసినవాళ్ళూ అడిగింది దాదాపు ఒకటే మాట. "కొలత కుదిరింది, కోత కుదిరింది, కుట్టూ పరవాలేదు. లోపల వేసిన గుడ్డ మాత్రం నెల తిరక్కుండా ఊడి చేతికొచ్చింది. ఏ బంక కొనమంటారు?" అని.

ఏ బంక మంచిదంటే, ఏ నూనె మంచిదని అడిగినట్టే ఉంటుంది. దీపానికి నువ్వులనూనె, తలకు కొబ్బరినూనె, తాలింపుకు శెనక్కాయ నూనె. దేని పని దానిదే. బంక కూడా అంతే. మీ చేతిలో ఉన్న తోలు ఎలాంటిదో, ఆ వస్తువు వంగేదో వంగనిదో, తడి తగిలేదో తగలనిదో ముందు చూసుకోవాలి. బంక పేరు అడగడం ఆ తరవాతి మాట.

తోలు సంగతే ముందు చూద్దాం. మన చిత్తూరు దాటి తమిళనాడులో అడుగు పెడితే రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, అంతా తోళ్ళ పరిశ్రమే. ఇంకాస్త ముందుకు పోతే చెన్నైలో పెరియమేట బజారు. మన చేతికి వచ్చే ముక్కలు ఎక్కువగా ఆ వైపువే. వాటిలో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి చెట్ల బెరడుతోనూ కాయలతోనూ పదును చేసింది. మన దక్షిణాదిలో దానికి తంగేడు బెరడు, కరక్కాయ పూర్వం నుంచీ వాడుక. రెండోది క్రోమియం లవణాలతో పదును చేసింది. కత్తెరతో చిన్న ముక్క కోసి అంచు చూడండి. లోపల కూడా గోధుమరంగో, లేత ఎరుపో ఉండి, నీటిచుక్క వేస్తే పీల్చుకుని నల్లబడితే అది బెరడు తోలు. లోపల బూడిదరంగుగానో, నీలంగానో ఉండి మెత్తగా, సాగినట్టుగా ఉంటే క్రోమ్ తోలు. అద్దకం లోపలిదాకా దిగిన తోలుతో ఈ గుర్తు కొంచెం మోసం చేస్తుంది. అప్పుడు నీటిచుక్కనే నమ్ముకోండి.

ఈ రెండూ కాక మూడోది ఉంది, రెక్సిన్. అది తోలే కాదు. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. వెనక గుడ్డ వైపు ఏ బంకైనా పట్టుకుంటుంది గాని, నున్నటి ముఖం వైపు అంటించిన సొల్యూషన్ కొన్నాళ్ళకు జిడ్డుగా మెత్తబడి వదిలేస్తుంది. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి వేసిన నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి ఊరి బంకలో కలుస్తుంది, అదీ కారణం. రెక్సిన్ ముఖాన్ని అంటించే ప్రయత్నం మానేసి కుట్టెయ్యండి.

"తోలు ముట్టుకోవడమా!" అని ముక్కు చిట్లించే పెద్దవాళ్ళు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళకు నేను అలిపిరి పాదాల మండపం గుర్తు చేస్తూంటాను. స్వామి పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేస్తాం గదా. రాత్రిపూట కొండ దిగి నడిచే స్వామికి చెప్పులు అరిగిపోతే, చెప్పులు కుట్టేవాళ్ళే కొత్తవి చేసి సమర్పించేవారని చెప్పుకునే కథ మన ఊళ్ళో వినని వాళ్ళుంటారా? కథ మాట అటుంచండి. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు తోలు శాస్త్రాన్నే చదివి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు, దేశంలోని శాస్త్ర పరిశోధన సంస్థలన్నిటికీ పెద్ద అయిన మండలికి అధిపతి కూడా అయ్యారు. అంతటివారు జీవితమంతా ముట్టుకున్న వస్తువును మనం ముట్టుకుంటే మైలపడతామా? సరే, పనిలోకి వద్దాం.

బంక ఊడిపోయిందని చెప్పేవాళ్ళలో సగం మందికి పైగా తప్పు బంకది కాదు, తోలును సిద్ధం చెయ్యకపోవడానిది. తోలుకు నున్నటి ముఖం ఒకటి, నూగునూగుగా ఉండే వెనకవైపు ఒకటి. ముఖం మీద మెరుపు కోసం పూత ఉంటుంది, మైనం ఉంటుంది. దాని మీద ఎంత గొప్ప జిగురు పూసినా అది అంటుకునేది పూతకే గాని తోలుకు కాదు. అంటించబోయే మేర, అంతవరకే, గరుకు కాగితంతో రుద్ది నూగు లేపాలి. అంచు నుంచి అర అంగుళం చాలు. దాటితే బయటికి కనిపించి అందం పోతుంది. వెనకవైపు దుమ్ము, రాలిన పీచు ఉంటాయి. పొడిగుడ్డతో గట్టిగా దులపాలి. చేతికి తలనూనె ఉంటే ముందు సబ్బుతో కడుక్కోండి. ఇది మన ఇళ్ళలో ఎవరూ పట్టించుకోని విషయం.

ఇప్పుడు బంకలు.

మైదా బంక అందరికీ తెలిసిందే. ఒక వంతు మైదాకు అయిదారు వంతుల నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, తరవాతే పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా తిప్పుతూ గంజిలా మెరుపు వచ్చేదాకా ఉడికించి చల్లార్చాలి. పుస్తకాలు బైండు చేసేవాళ్ళూ, పాతకాలం చెప్పుల పనివాళ్ళూ వాడింది ఇలాంటిదే. అట్ట మీద తోలు వేసే పనికి, అంటే పాత పుస్తకానికి తోలు వెన్ను వెయ్యడానికో, ఫొటో చట్రానికో, దీన్ని మించింది లేదు. నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి వంకర పోతే జరుపుకోవచ్చు. ముందుముందు ఎప్పుడైనా విప్పాలంటే తడి గుడ్డ వేస్తే వదులుతుంది. దోషమేమిటంటే పురుగు, బూజు. అందుకని చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. కలిపిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. అది విషం. పిల్లలున్న ఇంట్లో మైలుతుత్తం లేకుండానే, ఏ పూటకాపూట కొంచెం చేసుకుని మిగిలింది పారబొయ్యమంటాను నేను.

వడ్రంగులు వజ్జరం అనే జిగురు కూడా ఉంది. జంతువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసేది. తోలును ఉడికిస్తే వచ్చిన జిగురు తోలునే అంటిస్తుందన్నమాట! కాని వేడి చేసి వాడాలి, ఆరాక పెళుసవుతుంది, తడి తగిలితే వదులుతుంది. ఇంటి పనికి దీని జోలికి పోనక్కరలేదు.

తెల్ల బంక, 1959లో వచ్చిన ఫెవికాల్ పేరుతోనే మనం పిలుచుకునేది, నీళ్ళతో చేసిన జిగురు. తోలులోకి నీళ్ళు ఇంకిపోయి ఆరాకే పట్టు వస్తుంది. అందుకే నీళ్ళు పీల్చే బెరడు తోలుకు ఇది బాగా నప్పుతుంది. నూనె పట్టించి మెత్తపరచిన క్రోమ్ తోలు మీద అంత బాగా ఇమడదు. పర్సు లోపల పలచని నూలుగుడ్డ వెయ్యాలంటే తెల్ల బంకే మేలు. కాని ధారగా పొయ్యకండి. పాత పెళ్ళిపత్రిక అట్టముక్కతో పలచగా, మూలమూలకీ గీరినట్టు పులమాలి. ఎక్కువైతే గుడ్డ పైకి ఊరి మరకలు పడతాయి, ఆరాక అట్టలా బిరుసెక్కుతుంది. పూశాక పైన కాగితం పరచి, సన్నికల్లు ఎత్తి పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. బరువు పెట్టకపోతే మధ్యలో గాలి బుడగలు మిగిలి, నెల తిరక్కుండా ఊడేది అక్కడే.

ఇంకో చిన్న మాట. బెరడు తోలు తడిగా ఉన్నప్పుడు ఇనుప క్లిప్పులు పెట్టకండి, నల్లటి మచ్చ పడుతుంది. అది మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు గుడ్డకు కరక్కాయ పట్టించి, ఇనుము ఊరబెట్టిన కసిమితో నల్లగీత గీస్తారే, సరిగ్గా అదే మాయ. బెరడులో ఉన్న వగరుకూ ఇనుముకూ కలిస్తే నలుపు. అక్కడ అది కళ, మన పర్సు మీద మాత్రం మరకే. బట్టలారేసే కర్ర క్లిప్పులు వాడండి.

ఇక అందరూ అడిగే సొల్యూషన్. పసుపుపచ్చగా, తేనెలా జారుతూ, డబ్బా మూత తీయగానే ఘాటుగా కొట్టేది. దాదాపు 1930ల నాడు కనిపెట్టిన నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును ద్రావకంలో కరిగించి చేస్తారు. వంగే వస్తువులకు, అంటే చెప్పులు, బెల్టు, సంచి పట్టీ, బాగా మడత పడే పర్సు, వీటికి ఇదే. క్రోమ్ తోలుకు ఇదే. నీళ్ళు తగిలినా వదలదు. కాని దీన్ని వాడే పద్ధతి తెల్ల బంకకు పూర్తిగా ఎదురు. తెల్ల బంకను తడిగా ఉండగానే అంటిస్తాం. దీన్ని ఆరాక అంటించాలి.

ఈ ముక్క నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వైపు చెట్టుకింద చెప్పులు కుట్టుకునే పెద్దాయన చెప్పాడు. నా చెప్పు పట్టీ ఊడితే ఇంట్లోనే అంటించుకుని, రెండుసార్లు భంగపడి, చివరికి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని వాసన చూసి నవ్వాడు. "ఏందిమ్మా అంత ఆత్రం? రెండు పక్కలా పలచగా పూసి ఊరికే కూసోవాల. యేలు పెడితే అంటకూడదు, అప్పుడు కలపాల. తడిమీదనే కలిపేస్తే లోపల తడి లోపలే ఉంటాది, యాడికి పోతాది?" అన్నాడు.

నిజమే. ద్రావకం గాలిలోకి పోయాకే రబ్బరు రబ్బరును పట్టుకుంటుంది. రెండు ముఖాలకూ పూయాలి, ఒకవైపు పూస్తే చాలదు. నూగు వైపు మొదటి పూత పీల్చేసుకుంటే ఇంకో పూత వెయ్యాలి. పది పదిహేను నిమిషాలు ఆగి, వేలు వెనకభాగంతో తాకితే అంటకుండా ఉన్నప్పుడు కలపాలి. మే నెల తిరుపతి ఎండల్లో అయిదారు నిమిషాలకే ఆరిపోతుంది. ఒకసారి ముఖాలు కలిశాక జరపడానికి వీల్లేదు, అంటుకుందంటే అంటుకున్నట్టే. అందుకని మధ్యలో నున్నటి కాగితం పెట్టి, ఒక అంచు సరిచేసుకుని, కాగితం మెల్లగా లాగుతూ కలుపుకుంటూ పోతే వంకర రాదు. కలిపాక సుత్తితో గుడ్డ మీదుగా కొట్టాలి. దీనికి బరువు పెట్టి రాత్రంతా ఉంచడం ముఖ్యం కాదు, ఒక్కసారి గట్టిగా నొక్కడం ముఖ్యం. పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది కనుక, ఆ రోజు లాగి చూడకండి.

ఇంక ఈ సొల్యూషన్‌తో నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. కార్తీకమాసం. మనవైపు వాన పట్టుకుందంటే అప్పుడే కదా. సంచి పట్టీ అంటిద్దామని కూర్చున్నాను. జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూశాను. నేల మీద కాగితం పరిచి, డబ్బా మూత తీసి పెట్టుకుని, రెండు ముక్కలకూ పూసి, ఆరనిస్తున్నాను. గడప దగ్గర దీపం వెలుగుతోంది. నాకూ దానికీ నాలుగు బారల దూరం. తల కొంచెం దిమ్ముగా అనిపించింది గాని వాసనే కదా అనుకున్నాను. ఉన్నట్టుండి గడప నుంచి నా వైపు నేలబారున నీలంగా ఒక మంట పాకి వచ్చింది. కాగితం భగ్గుమంది. అదృష్టం బాగుండి పక్కనే కాళ్ళు తుడుచుకునే తడి గోనెపట్టా ఉంది. దాన్ని డబ్బా మీదా కాగితం మీదా కప్పేశాను. కుడిచేతి వెంట్రుకలు మాడాయి, చీర కుచ్చెళ్ళు కాస్త కమిలాయి, అంతటితో పోయింది. పక్కగదిలో నిద్రపోతున్న మా చిన్నవాడు ఈ గదిలోనే పడుకుని ఉంటే అన్న ఆలోచన వచ్చి ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆ ద్రావకం ఆవిరి గాలికన్నా బరువు. పైకి లేచి పోదు, నీళ్ళలా నేలమీద పరుచుకుంటుంది. గాలి ఆడని గదిలో దీపం దాకా, గ్యాసు పొయ్యి దాకా పాకి, అక్కడ అంటుకుని వెనక్కి డబ్బా దగ్గరికి వస్తుంది. దూరంగా ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు. వంటింట్లో ఈ డబ్బా మూత తీయనే వద్దు. దేవుడి గది పక్కన వద్దు. అగరొత్తి కూడా వద్దు. మేడ మీదో, వరండాలోనో, గాలి తగిలే చోట కూర్చోండి.

అన్నట్టు, ఆ పట్టీ కూడా నిలవలేదు. ముసురు రోజుల్లో ద్రావకం చరచరా ఎగిరిపోతూ తోలును చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ కంటికి కనపడనంత పలచగా బంక మీద దిగుతుంది. దాని మీద కలిపితే నీటిపొర మీద కలిపినట్టే. వాన వెలిసేదాకా ఆగండి, పర్సు ఎక్కడికీ పోదు.

మంట కంటికి కనిపిస్తుంది కనుక భయపడతాం. కంటికి కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. జపాన్‌లో 1950ల చివర ఇళ్ళలోనే కూర్చుని చెప్పులు అంటించే పనివాళ్ళకు రక్తహీనత లాంటి జబ్బు వచ్చి కొందరు చనిపోయారు. ఆ జిగురులో కలిపిన బెంజీన్ ఎముకల మూలుగను చెడగొట్టి, రక్తం తయారుకాకుండా చేసిందని తేలింది. 1959లో అక్కడి ప్రభుత్వం బెంజీన్ ఎక్కువగా కలిసిన రబ్బరు జిగురును నిషేధించింది. దాని బదులు హెక్సేన్ కలిపారు. 1960లలో మళ్ళీ చెప్పుల పనివాళ్ళకే కాళ్ళూ చేతులూ మొద్దుబారి, నడక తడబడింది. ఈసారి దెబ్బ నరాలకు. నెలకో పర్సు అంటించుకునే మనకు అంత ప్రమాదం లేదు. కాని చెప్పులో, సంచులో అంటించే పని కూలికి ఇంటికి తెచ్చుకుని, పిల్లల్ని పక్కన పెట్టుకుని, ఒకే గదిలో పొద్దస్తమానం చేసే ఆడవాళ్ళు మన దేశంలోనూ ఉన్నారు. మీ పనిమనిషి చెల్లెలో, వదినో అలాంటి పని చేస్తూంటే ఈ మాట ఆమెకు చేరవెయ్యండి. తలుపు తెరిచి పెట్టుకోమనండి. వేళ్ళతో పులమకుండా అట్టముక్క వాడమనండి. వేళ్ళ చివర తిమ్మిరి మొదలైతే నీరసమని ఊరుకోక డాక్టరుకు చూపించి, తాను చేసే పని ఏమిటో కూడా చెప్పమనండి. ఆమె చెప్పకపోతే డాక్టరుకు తట్టకపోవచ్చు.

కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. టోల్యూయిన్ లేదని రాసి ఉన్న రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. నీళ్ళతో చేసిన సొల్యూషన్లు కూడా వచ్చాయి. ఆరడం ఆలస్యం గాని మంట భయమూ ఘాటూ లేవు. డబ్బాలో కొలిచి పోసి పేరులేని సీసాలో ఇచ్చేది చవకైనా వద్దనండి. పెద్ద డబ్బా కూడా కొనకండి, మిగిలింది గడ్డకడుతుంది. ఇంట్లో ఎదిగే పిల్లలుంటే తాళం వేసి పెట్టండి. ఈ వాసన మత్తు కోసం పీల్చి పాడైపోయే పిల్లల సంగతి రైల్వే స్టేషన్ల దగ్గర చూస్తూనే ఉన్నాం. అది వీధి పిల్లల జబ్బు, మన పిల్లలకు రాదు అనుకోవడానికి లేదు.

సైకిలు పంచరుకు వాడే చిన్న ట్యూబు సొల్యూషన్‌ది వేరే కథ. దాని పట్టు తక్కువ, కుట్టే ముందు మడత కదలకుండా ఆపడానికి సరిగ్గా సరిపోతుంది. తప్పు పడితే లాగి మళ్ళీ పెట్టుకోవచ్చు. నన్నడిగితే తోలుపనిలో బంక నిశ్చితార్థం, కుట్టు పెళ్ళి. బరువు మోసే చోట బంకను ఒక్కదాన్నే నమ్మకండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళను చూడండి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుగారి ఊరు అది. ఆ బొమ్మల చేతులూ కాళ్ళూ అంటించరు, కీలు దగ్గర దారంతో ముడివేస్తారు. అందుకే అవి రాత్రంతా ఆడినా ఊడవు. ఆ పలచని మేకతోలు పదును చెయ్యనిది, నీటి బంక తగిలితే ముడుచుకుపోతుంది. అక్కడినుంచి తెచ్చుకున్న దీపపు గుడిసె చిరిగితే తెల్ల బంక పట్టుకుని కూర్చోకండి, సన్నదారంతో కుట్టండి.

చిటికెలో అంటుకునే చిన్న ట్యూబు బంకలు తోలుకు మంచివి కావు. ఆరాక గాజులా బిరుసెక్కి, వంగిన చోట విరుగుతాయి. పూస ఊడితేనో, లోహపు బొత్తాం అంటించాలంటేనో ఒక చుక్క వాడండి, అంతే. చెయ్యి తుడుచుకోవడానికి దూదిగాని, నూలుగుడ్డగాని, కొంగుగాని వాడొద్దు. నూలు తగలగానే అది ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుస్తుంది. వేళ్ళు అంటుకుంటే లాగకుండా సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే వదులుతాయి.

ఏ బంకైనా ముందు రెండు పనికిరాని ముక్కల మీద చూడండి. ఒక రోజు ఆగి పట్టి లాగండి. తోలు పీచు చినిగి రెండోవైపుకు వస్తే బంక మంచిదే, మీ పనీ మంచిదే. బంక మొత్తం ఒకవైపు నుంచి పొరలా నున్నగా లేచి వస్తే, ఆ వైపు గరుకు కాగితం సరిగా పడలేదన్నమాట. రెండువైపులా బంకే మిగిలి, మధ్యలో సాగుతూ తెగితే ఆరకముందే కలిపారు. ఈ మూడు గుర్తులు తెలిస్తే ఎవరినీ అడగక్కరలేదు.

చీర మీద సొల్యూషన్ పడితే వెంటనే తుడవకండి, పాకుతుంది. ఆరనిచ్చి వేలితో చిన్నగా ఉండచుడితే చాలావరకు లేచి వస్తుంది. గోళ్ళరంగు తుడిచే మందు వేస్తే కొన్ని రకాల సింథటిక్ చీరలు కరిగిపోతాయి, జాగ్రత్త. తెల్ల బంకైతే మాత్రం ఆరకముందే తడిగుడ్డతో తుడిచెయ్యాలి. చేతులకు అంటిన సొల్యూషన్ కిరసనాయిలుతో కడగొద్దు. కొబ్బరినూనె రాసి రుద్ది, తరవాత సబ్బు పెట్టండి.